వాతావరణం బాగుందని పెట్టిన సెలవు

ఆ రోజుల్లో మా మార్కాపురంలో సెలవు పెట్టాలంటే ఇంట్లో ఎవరో ఒకరికి ప్రాణం మీదకు రావాలి. ఒళ్ళు బాగుండి, మనసు కూడా బాగుండి, అందుకే సెలవు కావాలనడం మర్యాదస్తులు చేసే పని కాదు. నేను పనిచేసిన పలకల ఫ్యాక్టరీలో ప్యాకింగు చూసే ఒకాయన తన మేనత్తను ఒకే ఏడాదిలో మూడుసార్లు చంపాడు (మూడోసారి చచ్చిన వారానికే ఆమె ఆయనకు క్యారియరు పట్టుకొచ్చింది, అయినా ఎవరూ ఏమీ అనలేదు). అబద్ధమాడితే సెలవు, నిజం చెబితే చీవాట్లు. ఇరవై రెండేళ్ళ నాకు అది సహించరాని అన్యాయంగా తోచేది. ఇప్పటికీ తోస్తుంది, కాకపోతే ఇప్పుడు కాస్త గొంతు తగ్గించి చెబుతాను.

పెట్టెల మీద అంటించే లేబుళ్ళు కంప్యూటరులో కొట్టడం నా పని. పక్క షెడ్డులో రాయి కోస్తుంటే లేచే దుమ్ము కిటికీ మూసినా లోపలికొచ్చేది. సాయంత్రానికి నా జుట్టు మా అవ్వ జుట్టులా తయారయ్యేది. ఆ దుమ్మంతా దులుపుకోవడానికే కాబోలు, కాలేజీ వదిలినా అక్కడ అలవాటైన పరుగు మాత్రం వదల్లేదు. కానీ మా వైపు ఎండకు తెల్లవారకముందే పరుగు ముగించాలి, పొద్దెక్కితే రోడ్డు పెనమే. అలాంటి చోట ఒక శ్రావణమాసంలో రాత్రంతా వాన కురిసి వెలిసింది. పొద్దున ఆఫీసుకు వెళ్తుంటే ఆకాశమంతా మబ్బు, నల్లమల వైపు నుంచి చల్లటి గాలి. పదిన్నర దాకా ఓర్చుకున్నాను. ఆ తర్వాత తెల్లకాగితం తీసుకుని రాశాను: "ఈ రోజు వాతావరణం చాలా బాగున్నందున, పరుగెత్తుటకు మధ్యాహ్నం వరకు సెలవు ఇప్పించ ప్రార్థన." (బూట్లు పొద్దున్నే సంచిలో పెట్టుకున్నానని ఒప్పుకోవాలి. ప్రార్థన కేవలం మర్యాదకు.)

మా మేనేజరును అందరం సంతకం బాబాయి అనేవాళ్ళం. ఏ కాగితాన్నయినా మూడుసార్లు చదివితే గానీ ఆయన సంతకం పెట్టడు. నాదీ మూడుసార్లు చదివాడు.

"ఏంది అమ్మాయ్ ఇది? పరిగెత్తేదానికి సెలవేంది? నిన్నెవరన్నా తరుముతున్నారా?"

"లేదు బాబాయ్. బయట బాగుంది."

"బాగుంటే కిటికీ తీసుకుని కూర్చో. నేనేమన్నా వద్దన్నానా? లేదూ, కడుపునొప్పని రాయి. ఇప్పుడే సంతకం పెడతా."

"నాకు కడుపునొప్పి లేదు."

"అట్లయితే మీ అవ్వకు బాగలేదని రాయి."

"మా అవ్వ నిన్ననే అర్ధవీడు నుంచి వచ్చింది. బస్సులో సీటు కోసం ఇద్దరితో కొట్లాడింది. ఆమెకేం, బ్రహ్మాండంగా ఉంది."

"మరి ఈ చీటీ మీద నేనెట్ల సంతకం పెట్టేది? ఓనరు చూస్తే ఏమంటాడు?"

"మీరు పెట్టకపోయినా నేను పోతా బాబాయ్. చీటీ మాత్రం ఉంచుకోండి, నిజం రాసినా," అని బల్ల మీద పెట్టి, బూట్లు తొడిగి, చున్నీ నడుముకు బిగించి బయటపడ్డాను.

తర్లుపాడు రోడ్డు ఎక్కాక ఇక వెనక్కి చూడలేదు. దుమ్ము అణిగిపోయింది. కంది చేలు కడిగినట్టున్నాయి. గుండెల నిండా గాలి పీలిస్తే దగ్గు రాలేదు, అదే నాకు పెద్ద వింత. చేలో కలుపు తీస్తున్న ఆడవాళ్ళు నడుములెత్తి, "ఏందే పాపా, ఏమైంది? ఎవరికేమైంది?" అని కేకలేశారు. "ఎవరికేం కాలేదత్తా, ఊరికే!" అని అరిచాను. ఊరికే అన్నందుకు వాళ్ళు ఇంకా కంగారుపడ్డారు.

ఇంతలో మా నాయన స్నేహితుడొకాయన మోపెడ్ మీద పోతూ నన్ను చూశాడట. ఆగి నన్నే అడగొచ్చు కదా? అడగకుండా నాయనకు ఫోన్ చేసి, "మీ పాప ఆఫీసు వదిలిపెట్టి పరిగెత్తి పోతా ఉంది" అన్నాడు. నాయన వెంటనే ఆఫీసుకు ఫోన్ చేశాడు. సంతకం బాబాయి ఎత్తి, "అవును, పోయింది. ఎంత చెప్పినా వినలా. చీటీ రాసిపెట్టి పోయింది" అన్నాడు. "చీటీలో ఏం రాసింది?" అంటే, "వాతావరణం బాగుందని" అన్నాడు. పెళ్ళి కావాల్సిన కూతురు చీటీ రాసిపెట్టి పోయిందంటే, అందులో వాతావరణం గురించి ఉంటుందని ఏ తండ్రి నమ్ముతాడు?

ఆరో కిలోమీటరు రాయి దగ్గర స్కూటరు నన్ను దాటి అడ్డంగా ఆగింది. ముందు నాయన, వెనక సంతకం బాబాయి, ఆయన చేతిలో నా చీటీ.

"ఎవడే వాడు?" అన్నాడు నాయన.

"ఎవడు?"

"నువ్వు ఎవడి కోసం వచ్చినావో వాడు!"

"నేనొక్కదాన్నే నాయనా. బాగుందని పరిగెత్తినా."

నాయన రోడ్డుకు అటూ ఇటూ చూశాడు. కంది చేలల్లో కూడా చూశాడు. ఎవడూ లేడు. చివరికి నీరసంగా, "బండెక్కు" అన్నాడు. నాకు కోపం, ఏడుపు కలిసి వచ్చాయి. "తప్పు చేసినట్టు ఎందుకెక్కాల? పరిగెత్తే వస్తా" అని ఊరి వైపు తిరిగి మొదలుపెట్టాను.

ఆరు కిలోమీటర్లూ ఆ స్కూటరు నా వెనకే కుంటుకుంటూ వచ్చింది. ఊరేగింపులాగ ఉంది. జనం ఆగి చూస్తుంటే సంతకం బాబాయి నా చీటీ ఊపుతూ, "ఏం లేదు, ఏం లేదు! మా అమ్మాయే! వాతావరణం బాగుందని!" అని అందరికీ చెబుతూ వచ్చాడు. ఊరు దగ్గర పడుతుండగా నాయన గొంతు వినిపించింది: "ఏమన్నా గానీ సారూ, బాగానే పరిగెత్తుతా ఉంది."

మర్నాడు ఓనరు క్షమాపణ రాసిమ్మన్నాడు. రాయనన్నాను. ఉద్యోగం పోయింది. నాయన వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఎనిమిదో రోజు మాట్లాడకుండానే కొత్త బూట్ల డబ్బా ఒకటి నా మంచం మీద పెట్టాడు (ఒక సైజు చిన్నవి, బొబ్బలెక్కినా అవే తొడుక్కున్నాను). రెండు నెలలకు గిద్దలూరులో ఇంకో పని దొరికింది.

ఇప్పుడు నాకు నలభై దాటాయి. మొన్న ఈ గిద్దలూరులో మళ్ళీ అట్లాంటి మబ్బే పట్టింది. పని ఆపి, బూట్లు వేసుకుని రోడ్డెక్కాను. రెండు కిలోమీటర్లకే మోకాళ్ళు మొరాయించాయి. ఒక ఆటో అబ్బాయి పక్కన ఆపి, "ఎక్కుతావా ఆంటీ?" అన్నాడు. "ఎక్కను, పరుగెత్తుతున్నాను, కనపడటం లేదా?" అని తల ఎగరేశాను. అర కిలోమీటరు పోయాక ఇంకో ఆటో వచ్చింది. అది ఎక్కాను.