దీపం పెట్టేలోపు

విదేశంలో ఒక టర్మ్ చదువును ఎలా సద్వినియోగం చేసుకోవాలో చెప్పాలంటూ పోయిన నెల పెదనాయన నన్ను ఇంటికి పిలిపించాడు. కబురు వినగానే ఒళ్ళు మండింది. ఆ ఇంట్లో కాఫీ బాగుంటుంది కాబట్టి వెళ్ళాను.

మా చిన్నాయన కూతురికి ఎడిన్‌బరోలో ఒక టర్మ్ చదివే అవకాశం వచ్చింది. కొన్నేళ్ళ కింద నేనూ అక్కడే, పాత కట్టడాల సంరక్షణ మీద ఒక టర్మ్ చదివి వచ్చాను. కాబట్టి ఆ ఊరి విషయంలో మా ఇంటికి నేనే నిపుణురాలిని. ఆ ఊళ్ళో నేను క్షుణ్ణంగా చూసింది సిటీ బస్సు లోపలి భాగం మాత్రమే. ఆ సంగతి ఎవరూ అడగలేదు.

నన్ను పంపేటప్పుడు మావాళ్ళు నలుగురినీ విచారించి, ఆ ఊరి శివార్లలో కాపురముంటున్న, తమిళనాడులోని మా రాజపాళయం దంపతులనే పట్టుకున్నారు. మన మనుషులు. అంటే రెండు విమానాలు మారి, సముద్రాలు దాటి, నేను మళ్ళీ రాజపాళయంలోనే దిగాను. ఆ ఇల్లాలు మంచి మనిషి. సూర్యుడు పోనిదే దీపం ముట్టించేది కాదు, పోయాక క్షణం ఆగేది కాదు. ఆమె మీద నాకు కోపం లేదు. ఉన్న కోపమంతా మరోచోట కావలసి వచ్చింది.

నేను ఎయిర్‌పోర్టు వ్యాను ఎక్కేముందు పెదనాయన ఒకే ఒక రూలు పెట్టాడు. "ఎంత దూరమన్నా పో పాపా. దీపం పెట్టేలోపు ఇల్లు చేరల్ల."

రాజపాళయంలో అది న్యాయమైన మాటే. ఇక్కడ దీపం పెట్టే వేళకు మిల్లు బస్సులు జనాన్ని దింపేసి ఉంటాయి, పూలమ్మే ఆమె బుట్ట సగం ఖాళీ అయి ఉంటుంది. పగలంటూ ఒకటి గడిచి ఉంటుంది. ఆ ఊరు మ్యాపులో ఎంత పైన ఉందో మాత్రం ఎవరూ చూడలేదు. నవంబరు వచ్చేసరికి అక్కడ బ్యాంకు కౌంటరు మూసినట్టు నాలుగింటికే సూర్యుణ్ణి మూసేస్తారు. బస్సు ప్రయాణం గంట. మధ్యాహ్నం భోజనం నోట్లో ఉండగానే నేను ఇంటికి బయలుదేరాలి.

అసలు చదువు మొదలయ్యేది అప్పుడే. భోజనాలయ్యాక మా లెక్చరరు అందరినీ పాత వీధుల్లోకి నడిపించేవాడు. కోట కింద ఒక ఇరుకు సందు ఉంది. దాని గేటు తాళంచెవి ఆయన దగ్గర తప్ప మాలో ఎవరి దగ్గరా ఉండదు. ఒక రోజు నల్లబడిన రాతి గోడల మధ్య అరిగిపోయిన మెట్లు దిగుతూ, "ఇదంతా ఒకెత్తు. ఇప్పుడీ మలుపు తిరిగాక చూడబోయేది..." అని ఆయన చెయ్యెత్తాడు. వాక్యం పూర్తి కాలేదు. అందరూ ముందుకు కదిలారు. నేను వెనక్కి మెట్లెక్కి బస్సు కోసం పరుగెత్తాను. ఆ మలుపు అవతల ఏముందో నాకు ఈ రోజుకీ తెలియదు. మర్నాడు తోటి విద్యార్థులు చెప్పబోతే వద్దన్నాను.

సెలవు రోజుల్లో ఊరు చూడొచ్చు కదా అని మీరనవచ్చు. సెలవు రోజుల్లో మన మనుషులు ఎవరో ఒకరింట్లో కలిసి పులిహోర తినేవారు. నేను చారిత్రక నగరంలో చారిత్రకమైన పులిహోర తిన్నాను.

రోజూ సాయంత్రం, మర్యాదకు దాన్ని సాయంత్రం అందాం, వీడియో కాల్. ముందు వెలుగుతున్న దీపం, దాని పక్కన సాక్ష్యంగా నేను. ఇక్కడ పెదనాయన రాత్రి భోజనం ముగించి తీరిగ్గా చూసేవాడు.

"ఇక్కడింకా నాలుగు గంటలే పెదనాయనా."

"చీకటి పడిందా లేదా?"

"పడింది."

"అదే గదా పాపా!"

పెదనాయనది బ్యాండేజీ గుడ్డ వ్యాపారం. గాయం ఎలాంటిదైనా గట్టిగా చుట్టేస్తే సరిపోతుందని ఆయన నమ్మకం.

అందుకే ఈసారి వాదన సిద్ధం చేసుకునే వెళ్ళాను. చెల్లెలు ముందే ఫోన్ చేసి బతిమాలింది: "నువ్వు చెప్తేనే వింటారక్కా. ఆ రూలు తీసేయమని చెప్పు." హాల్లో అందరూ కూర్చున్నారు. అది ఓ మూల గోళ్ళు చూసుకుంటోంది.

"నీకు పెట్టిన రూలే దానికీ పెడతాము. ఏమంటావు?" అన్నాడు పెదనాయన.

ఇన్నేళ్ళు దాచుకున్న మాటలన్నీ గొంతు దాకా వచ్చాయి. ఊపిరి తీసుకోవడానికి ఆగి, "ఎప్పుడు పోతోంది?" అన్నాను.

"వేసవి టర్మంట. జూన్, జూలై."

కాఫీ గ్లాసు కింద పెట్టాను.

"రూలు బంగారం లాంటిది పెదనాయనా. అక్షరం మార్చొద్దు."

చెల్లెలు తలెత్తి నన్ను చూసిన చూపుకు బ్యాండేజీ లేదు. అంతలో పిన్ని అందుకుంది. "దీపం గీపం ఎందుకు బావగారూ? ఆరు గంటలకంతా ఇంట్లో ఉండాలని చెప్పేస్తే సరిపోదా?"

నేను చప్పున అడ్డుపడ్డాను.

"గడియారాన్ని నమ్ముకుంటే ఎట్లా పిన్నీ? అక్కడ ఏడాదికి రెండు తూర్లు దాన్ని మార్చేస్తారు."

"ఏంది, గడియారాన్నా?" అన్నాడు పెదనాయన.

"ఆమా, గడియారాన్నే. ఒక తూరి ముందుకి, ఇంకో తూరి వెనక్కి. గవర్నమెంటే మారుస్తుంది."

పెదనాయన ముఖంలో ఆ దేశం మీద ఉన్న కాస్త గౌరవం కూడా పోయింది. "అదీ ఒక ఊరేనా! సూర్యుణ్ణే నమ్మల్ల. దీపం పెట్టేలోపు, అంతే." తర్వాత నా వైపు చూసి, "పాపకి బుద్ధి బాగా వచ్చిందే! అంత దూరం పంపినందుకు ఫలం దక్కింది," అన్నాడు.

అందరూ తలలూపారు. ఒక టర్మంతా బస్సు కిటికీలో నా ముఖమే నేను చూసుకుంటూ గడిపినందుకు దక్కిన మెప్పు అది. కసిగా మురుకు కొరికాను.

పెరట్లో, ఆరేసిన బ్యాండేజీ గుడ్డల మధ్య చెల్లెలు నన్ను నిలదీసింది. "ద్రోహం చేసినావక్కా. నీకు జరిగిందే నాకూ జరగాలనా?"

"జూన్‌లో అక్కడ ఎన్నింటికి చీకటి పడుతుందో తెలుసా?"

"ఎన్నింటికి?"

"రాత్రి పదింటికి. అప్పుడు పెదనాయన ఇక్కడ గురక పెడుతుంటాడు. ఫోన్ కూడా రాదు."

దాని నోరు తెరుచుకుంది. "నవ్వొద్దు, పిన్ని లోపలే ఉంది," అన్నాను. అది గుడ్డ అంచు నోట్లో కుక్కుకుని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అది పట్టుకున్న గుడ్డ లాగి తీగ మీద సరిచేశాను. కోట కింద సందు, గేటు, తాళంచెవి ఎవరినడగాలో, మెట్లు, అన్నీ ఆనవాళ్ళతో చెప్పాను.

"మలుపు తిరిగినాక ఫోటో పంపిస్తానక్కా."

"పంపొద్దు," అన్నాను. "పంపినావంటే నీతో మాట్లాడను."