కింది అరలో వైన్

పెయింట్ల షాపులో ఆయన్ని అందరూ బావగారనే పిలిచేవారు. యజమానీ అలాగే పిలిచేవాడు, బిల్లులు రాసే అమ్మాయీ అలాగే పిలిచేది. మొదటిసారి గడప తొక్కినవాళ్ళు కూడా "ఇక్కడ బావగారంటే ఎవరండీ?" అని అడిగేవారు. నిజానికి ఆ పిలుపు మీద హక్కున్నవాడు ఒక్కడే, ఆయన భార్య తమ్ముడు. అతను లిఫ్టు మెకానిక్. పనిమీద ఆ దారిన పోతూ షాపు ముందు ఆగి, "బావా, బతికున్నావా?" అని వీధి వీధంతా వినబడేలా ఒక కేక పెట్టి పోయేవాడు. ఆ కేకే అందరి నోటా పడింది.

బావగారి పని రంగులు కలపడం. జనం పెచ్చులూడిన గోడ ముక్కో, విరిగిన తలుపు చెక్కో తెచ్చి సరిగ్గా ఆ రంగే కావాలనేవారు. యంత్రం కలిపిన రంగు దాని దగ్గరిదాకా వచ్చి ఆగిపోయేది. మిగిలిన ఆ కాస్త దూరమూ బావగారు నడిపించేవాడు. చెంచాతో ఒక చుక్క వేసి, అట్టముక్క మీద పూసి, ఆరేదాకా ఆగి, కిటికీ దగ్గర నమూనా పక్కన పెట్టి చూసేవాడు. "మా గోడ కొంచెం నీలంగా ఉండేదండీ" అని ఎవరైనా అంటే మర్యాదకు తలూపేవాడే గానీ ఆ మాట చెవిన పెట్టేవాడు కాదు. మనిషికి గుర్తున్న రంగు అబద్ధమని, నమూనా ఒక్కటే నిజమని ఆయన నమ్మకం. ఆ నమ్మకం మీదే ఒక జీవితమంతా నెట్టుకొచ్చాడు. పసుపు డబ్బాలో నల్లచుక్క వేస్తుంటే కొత్తవాళ్ళు గుండెలు బాదుకునేవారు. ఆరిన తర్వాత చూసుకుని, డబ్బా పట్టుకుని నిశ్శబ్దంగా వెళ్ళిపోయేవారు.

బావగారూ, ఆయన భార్యా, ఆ బావమరిదీ ఉండేది మూడో అంతస్తు. నేను రెండో అంతస్తులో ఉండేవాణ్ణి. వంటిళ్ళ కిటికీలు ఒకదానిమీద ఒకటి ఉండడంతో వాళ్ళ మాటలు వద్దనుకున్నా మా ఇంట్లోకి దిగేవి. దిగనివి బావగారే తర్వాత చెప్పాడు.

ఆ ఇంట్లోకి వైన్ తెచ్చింది ఆయన భార్య. పరదాలు కుట్టే కొట్లో గుడ్డ కత్తిరించే పని ఆవిడది. మూలమీది వైన్ షాపులో, నడుం వంచితే తప్ప కనబడని కింది అరలో, బొమ్మా గిమ్మా లేని చీటీతో ఒక ఎర్ర వైన్ ఉండేది. అక్కడున్న వాటిలో అదే చవక. దాని పేరేమిటో ముగ్గురిలో ఎవరూ ఏనాడూ చదవలేదు. "కింది అర అయిపోయింది, వస్తూ పట్రా" అంటే సరిపోయేది. రాత్రి భోజనానికి ముందు తలా ఒక గ్లాసు, అంతే. "రోజూ తాగేది మనచేత పొగిడించుకోకూడదు. గొంతు దిగి దాని పని అది చూసుకోవాలి" అనేది ఆవిడ.

ఆవిడ పోయి రెండేళ్ళయింది. ఆ తర్వాత ఆ ఇద్దరు మగవాళ్ళూ ఒకే ఇంట్లో ఉండడానికి పైకి చెప్పుకోదగ్గ కారణమంటూ లేదు. చుట్టరికం ఆవిడతో వచ్చింది, ఆవిడతోనే పోయిందనుకున్నా తప్పుపట్టేవారెవరూ లేరు. బావమరిది పెళ్ళి చేసుకోలేదు. ఎవరి కంచం వాళ్ళు కడుక్కునేవారు, ఎవరి బట్టలు వాళ్ళు ఉతుక్కునేవారు. ఒకరు టీవీ పెడితే ఇంకొకరు లేచి గదిలోకి పోయేవారు. ఇద్దరూ కలిసి చేసే పని ఒక్కటే మిగిలింది, ఆ గ్లాసు. అది ఖాళీ అయ్యేదాకానే ఇంట్లో మాట వినిపించేది.

"ఇవాళ ఎన్ని మేడలు ఎక్కావురా?"

"లిఫ్టు చెడితేనే కదా బావా నన్ను పిలిచేది! లోకంలో అందరికంటే ఎక్కువ మెట్లెక్కేది లిఫ్టు మెకానిక్కే. మోకాళ్ళు అరిగిపోయాయి."

"నన్నేం చెయ్యమంటావు, రంగెయ్యనా?"

"వెయ్యి. ఇనుము రంగు వెయ్యి. కనీసం చూసేవాళ్ళకన్నా గట్టిగా కనబడతాయి."

ఒక సాయంత్రం కింది అర నిండా సోడాసీసాలు కనబడ్డాయి. "ఇక రాదండీ. తయారుచేసేవాళ్ళు మూసేశారట" అంది షాపావిడ. ఇంట్లో చివరి సీసా సగం మిగిలి ఉంది. ఆ రాత్రి మెకానిక్ గ్లాసు అందుకుని, దాన్ని చూస్తూ అన్నాడు:

"పోనీలే బావా. దేనికైనా ఓ ముగింపు ఉండాలిగా. మా వర్క్‌షాపు మీద గది ఖాళీ అయింది. పొద్దున్నే మెట్లు దిగితే పన్లో ఉంటాను. నీకూ ఇల్లు విశాలమవుతుంది."

"చూద్దాంలే" అన్నాడు బావగారు.

ఆయనకు విశాలం అక్కర్లేదు. వాడు వెళ్ళకుండా ఉంటే చాలు. కానీ ఆ మాట నోటితో అనడం ఎలా? ఉండిపొమ్మని బావమరిదిని బతిమాలిన బావ ఎక్కడా లేడు. ఉన్నా ఆ ఒక్క ముక్క చాలు, బావమరిది జన్మంతా ఏడిపించుకు తింటాడు. అందుకని ఆయన తనకు తెలిసిన పని చేశాడు. సీసా అడుగున మిగిలిన కాస్త వైన్‌ను షాపులో నమూనాలకు వాడే చిన్న గాజుసీసాలో ఒంపి, మూత బిగించి, వంటింటి గట్టు మీద పెట్టాడు. సీసా సగమే నిండింది. ఫరవాలేదనుకున్నాడు. నమూనా చేతిలో ఉంటే దొరకని రంగంటూ ఇంతవరకూ ఆయనకు తగల్లేదు.

మర్నాడు దాన్ని జేబులో వేసుకుని వైన్ షాపుకు వెళ్ళాడు.

"కొంచెం ఒంపి చూపించండి. పచ్చసీసాలోంచి రంగు తెలియడం లేదు."

"రుచి చూడండి బావగారూ, రంగుదేముంది?"

"రుచి తర్వాత. ముందు రంగు కలవాలి."

"గోడకెయ్యడానికా ఏమిటి, కొంపదీసి?"

ఆవిడ పై అరలోంచి ఇంకోటి తీసి చూపించింది. మంచిదట, కళ్ళు మూసుకుని పట్టుకెళ్ళొచ్చట. ఆయన వద్దన్నాడు. ఖరీదైంది పెడితే వాడు చుట్టంలా కూర్చుంటాడు. చుట్టమన్నాక లేచి వెళ్ళాల్సిందే.

రంగు చక్కగా కలిసిన సీసా ఇంటికి తెచ్చాడు. మెకానిక్ ఒక గుక్క తాగి, "ఇది వైనా బావా, దగ్గుమందా? చెంచా తెచ్చుకోనా?" అన్నాడు. బెల్లం పాకంలా ఉంది. ఆ తర్వాత తెచ్చినదానికి తీపి లేదు, పచ్చి అరటికాయ కొరికినట్టు ఒకటే వగరు. "నాలుకకి లప్పం పెట్టినట్టుంది. పైన రంగు ఎప్పుడేస్తావు?" అని గ్లాసు సగంలో పెట్టి లేచాడు. గ్లాసు సగంలో పెట్టడం ఆ ఇంట్లో అదే మొదలు.

ఇంకొన్ని సీసాలు వచ్చాయి, పోయాయి. నెల దాటింది. గ్లాసు ముందు కూర్చునే సమయం తగ్గుతూ వచ్చింది.

"గది చూసొచ్చాను బావా. కిటికీ బాగుంది."

"కిటికీ కోసం ఇల్లు మారతారట్రా ఎవరైనా?"

"కుళాయి కూడా బాగుంది. ఆదివారం ఏ సంగతీ చెబుతానన్నాను."

ఆదివారం మెకానిక్ ఎవరిదో లిఫ్టు మధ్యలో ఇరుక్కుందని పొద్దున్నే వెళ్ళాడు. బావగారు వంటింట్లో పని మొదలుపెట్టాడు. దొరకనప్పుడు కలపాలి. రంగుల్లో జరిగేది అదే. తీపిసీసా తీశాడు, వగరుసీసా కొత్తది తీశాడు, చెంచాలు పరిచాడు. నమూనా నాలుక మీద వేసుకుంటే పులుపు కొట్టింది. కింది అర ఇంత పుల్లగా ఉండేదా అని ఒక్క క్షణం అనిపించింది. కానీ అది మనిషి గుర్తు, ఇది నమూనా. ఎవర్ని నమ్మాలో ఆయనకు కొత్తగా ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎన్ని పాళ్ళు మార్చినా ఆ పులుపు రాలేదు. చివరికి గట్టు మీది వెనిగర్ సీసా అందుకున్నాడు. పసుపులో నల్లచుక్క వేసినట్టే, జాగ్రత్తగా, చుక్కచుక్కగా వేశాడు. మధ్యాహ్నం తిరిగేసరికి కలిసింది. రంగూ అదే, రుచీ అదే. దాన్ని కింది అర పాతసీసాలో పోసి బల్ల మీద పెట్టాడు.

మెకానిక్ చీకటి పడకముందే వచ్చాడు. సీసా చూసి మొహం విప్పారింది.

"ఎక్కడ దొరికింది బావా?"

"దొరికింది. తాగు."

తాగాడు. లేచి సింక్ దాకా వెళ్ళి ఉమ్మి వచ్చాడు.

"ఏం కలిపావు?"

"ఏం కలిపితేనేం? సరిగ్గా అదే. కావాలంటే ఇదిగో, పక్కపక్కన పెట్టి చూసుకో" అని బావగారు చిన్నసీసా ముందుకు తోశాడు.

మెకానిక్ మూత తీసి వాసన చూశాడు. బావ మొహంలోకి చూశాడు. "ఇది చచ్చి చాలా రోజులైంది బావా. నువ్వు శవానికి కొలతలు తీసి చొక్కా కుట్టావు."

బావగారు ఆ సీసా తీసుకుని తనూ వాసన చూశాడు. రంగయితే మూత బిగిస్తే ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది. వైన్ ఉండదని ఆయనకు తట్టలేదు.

"మరి అసలుది ఎలా ఉండేదిరా?"

"ఎలా ఏముంది? కాస్త వగరుగా, తేలిగ్గా."

"వగరా? నాకు పండు రుచి గుర్తుంది."

"పండేంటి? మీ షాపులో టర్పెంటైన్ పీల్చి పీల్చి నీ ముక్కు ఏనాడో పోయింది."

"నీకు మాత్రం గ్రీజు వాసన తప్ప ఏం తెలుసు?"

ఇద్దరూ కాసేపు పట్టుబట్టారు, తర్వాత ఇద్దరికీ నమ్మకం సడలింది. తేల్చి చెప్పగలిగిన మనిషి లేదు.

"అయితే నమూనా లేదన్నమాట" అన్నాడు బావగారు. ఎవరితోనో అన్నట్టు కాదు, ఊరికే అన్నాడు.

మెకానిక్ తన గ్లాసు పక్కకు నెట్టాడు. "నోరంతా పాడైంది. కడుక్కోవడానికి ఇంకేమన్నా ఉందా?" అని గట్టు మీద బిరడా లేకుండా నిలబడి ఉన్న సీసా అందుకున్నాడు.

"అది లప్పం."

"వెనిగర్ కంటే లప్పం నయం."

ఒక గుక్క తాగి ఆగాడు. ఇంకో గుక్క తాగాడు. "ఇది అదేనా? అప్పుడు నేను సగంలో వదిలేసిందా?"

"అదే రకం. కొత్తసీసా పొద్దున్న తీశాను, బిరడా పెట్టడం మర్చిపోయాను."

"గాలి తగిలి మెత్తబడింది బావా. పట్టు."

బావగారు తాగాడు. వగరు ఉంది గానీ కరవడం లేదు. కింది అరలా లేదు. కాకపోతే గొంతు దిగి, దాని పని అది చూసుకుంటోంది. పొగడాలని ఇద్దరికీ తోచలేదు. గ్లాసులు మాత్రం ఖాళీ అయ్యాయి.

"అయితే దీన్ని కాస్త ముందుగా తీసి ఉంచాలన్నమాట. షాపుకెళ్ళేముందు తీసి పెడతాను."

"నువ్వా? నువ్వు సీసా పక్కన నిలబడితే ఊరికే ఉంటావా? ఏదో ఓ చుక్క వేస్తావు. నా డ్యూటీ మధ్యాహ్నానికే అయిపోతుంది. వచ్చి నేనే తీస్తాను."

బావగారు గ్లాసు అడుగు చూస్తూ, "గదివాళ్ళకి ఇవాళ చెబుతానన్నావు" అన్నాడు.

"చెబుతాగా."

ఫోన్ పట్టుకుని మెట్ల దగ్గరికి వచ్చాడు. నేను అప్పుడే తలుపు తాళం తీస్తున్నాను. పైనుంచి అతని గొంతు, ఎప్పటిలాగే వీధి వీధంతా వినబడేలా, కిందికి దిగింది.

"లేదండీ, ఇంకెవరికన్నా ఇచ్చుకోండి... అబ్బే, గది బాగానే ఉంది. కిటికీ బాగుంది, కుళాయి బాగుంది... అదేం కాదండీ. మధ్యాహ్నం పూట ఇంట్లో పనుంది."