స్క్రూడ్రైవరు ఇవ్వని పెద్దమ్మ

అడిగితే పెద్దమ్మ ప్రాణమైనా ఇస్తుంది గానీ, స్క్రూడ్రైవరు మాత్రం ఇవ్వదు.

ఆ మూడంతస్తుల భవనంలో ఉంటున్న వాళ్ళందరికీ ఆమె పెద్దమ్మే. అసలు ఎవరికి సొంత పెద్దమ్మో ఎవరికీ తెలియదు. జ్వరమొస్తే మాత్ర ఇస్తుంది. చుట్టాలొస్తే పరుపులిస్తుంది. ఊరెళితే మన మొక్కలకు నీళ్ళు పోస్తుంది. కానీ ఆమె మంచం కింద ఉన్న ఆకుపచ్చ ఇనప్పెట్టెలోంచి ఒక్క మేకు కూడా గడప దాటదు. "పెద్దమ్మా, ఒక్క నిమిషం సుత్తి..." అని నోరు తెరిచారో లేదో, చెప్పుల కోసం వెతుక్కుంటుంది.

"ఇవ్వను. పద, కొందాం."

కింది వాటాలో ఉండే డాక్టరుగారు ఓసారి కుర్చీ కాలు వదులైందని పైకెక్కి వచ్చాడు.

"డాక్టరుగారూ, మీరు స్టెతస్కోపు పక్కింటాయన్ని అడిగి తెచ్చుకుని రోగుల్ని చూస్తారా?" అంది పెద్దమ్మ.

"అది నా వృత్తికి సంబంధించిందండీ."

"ఇది మీ నడుముకి సంబంధించింది. పదండి."

కాసేపటికి డాక్టరుగారు సుత్తి, రంపం, పట్టకారు బయటికి కనిపించేలా సంచీ మోసుకుంటూ తిరిగొచ్చాడు. వరండాలో కూర్చున్న రోగుల్లో ఇద్దరు దాన్ని చూసి, తమకి నెప్పి తగ్గిపోయిందని చెప్పి వెళ్ళిపోయారు.

ఈ సంగతులేవీ తెలియకుండా రెండో అంతస్తులో దిగింది లెక్కల టీచరు. నలభైకి దగ్గరపడుతున్న మనిషి, ఒంటరిగా ఉండటం మాత్రం అదే మొదలు. అంతవరకూ అన్నయ్యగారింట్లోనే ఉంది. అన్నయ్య మంచివాడే. ఎంత మంచివాడంటే, చెల్లెలు దువ్వెన కింద పడేసుకున్నా తనే వంగి తీసిస్తాడు. "నీకు బల్బు మార్చాలన్నా నేనే రావాలి కదమ్మా! సరే, ముచ్చట తీర్చుకో. ఓ ఆదివారం వచ్చి చూస్తాను. కుదరడం లేదనిపిస్తే సామానుతో సహా బండి ఎక్కించుకుపోతాను" అని చెప్పి మరీ పంపించాడు. ఎలాగైనా సరే, ఆ బండి ఎక్కకూడదని టీచరు పంతం పట్టింది.

కర్టెన్లు తగిలించుకోవాలని మొదటి రోజే పెద్దమ్మ తలుపు తట్టి స్క్రూడ్రైవరు అడిగింది టీచరు. ఆ తర్వాత తను మాట్లాడిందేమీ గుర్తులేదు. తేరుకునేసరికి ఇనప సామాను కొట్లో ఉంది.

కొట్టాయన పెద్దమ్మని చూడగానే లేచి నిలబడ్డాడు. టీచరు కోసం ఓ పెద్ద పెట్టె తెరిచి పెట్టాడు. తళతళలాడే సామాను, ఒక్కోదానికీ ఒక్కో గూడు.

"అన్నీ ఇందులోనే ఉన్నాయమ్మా. ఇంకేం కొననక్కర్లేదు."

పెద్దమ్మ అందులోంచి వంకరగా ఉన్నదొకటి తీసింది. "ఇదేమిటి?"

కొట్టాయన దాన్ని అటూ ఇటూ తిప్పాడు. "అది... అవసరమొచ్చినప్పుడు వాడుకునేదండీ."

"దేనికి?"

"అవసరానికండీ."

"మూసెయ్యి" అంది పెద్దమ్మ.

పోనీ ఇది చూడండంటూ గులాబీ రంగు పిడులున్న డబ్బా తీశాడు. "ఆడవాళ్ళ కోసమే ప్రత్యేకం!"

"తిప్పేది ఆడో మగో స్క్రూకి తెలుస్తుందా నాయనా?"

అదీ మూతపడింది. ఇక పెద్దమ్మ ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టింది. సుత్తి టీచరు చేతికిచ్చి, గాల్లో ఊపి చూడమంది. "బరువు తలలో ఉండాలి, పిడిలో కాదు."

"మా హెడ్మాస్టరుగారికి రెండు చోట్లా లేదండీ" అంది టీచరు. ఆ కొట్లో ఆమె పెదవి విప్పడం అదే మొదలు. పెద్దమ్మ మొహంలో నవ్వు కనిపించడమూ అదే మొదలు.

పట్టకారు ఒంటి చేత్తో తెరిచి మూయగలిగితేనే తీసుకోవాలట. స్క్రూడ్రైవర్లు రెండు చాలు, బల్లపరుపు మూతిదొకటి, నక్షత్రం మూతిదొకటి. నట్టు సైజుని బట్టి నోరు పెద్దదీ చిన్నదీ చేసుకునే స్పానరు ఒకటి. కొలిచే టేపు, కరెంటు టెస్టరు, టార్చి, కాసిని మేకులు, కొళాయి మరలకి చుట్టే తెల్ల టేపు. డ్రిల్లు మెషీను వైపు టీచరు ఆశగా చూస్తే, "ఇప్పుడే కాదు. ముందు గోడతో కాస్త పరిచయం పెరగనీ" అంది.

టీచరుకి కళ్ళనీళ్ళ పర్యంతమైంది. పక్క మనిషికి స్క్రూడ్రైవరు ఇవ్వడానికి ఇంత పిసినారితనమా అనుకుంది. అయినా ఆ రాత్రికి కర్టెన్లు వేలాడాయి. కాస్త ఏటవాలుగా, అంతే.

అన్నయ్య వస్తానన్న ఆదివారం రానే వచ్చింది. వంటింటి కొళాయి బొట్టుబొట్టుగా కారుతోంది. అది ఆయన కంటపడితే ఇంకేమైనా ఉందా? కొత్త కొళాయి తెచ్చి ఉంచుకుంది. అన్నయ్య వచ్చేలోపు మార్చేద్దామని స్పానరు పట్టి పాతది తిప్పింది. తిప్పింది, తిప్పింది... అది చేతిలోకి ఊడొచ్చింది. దాని వెనకే నీళ్ళు ఫిరంగి పేలినట్టు మొహాన కొట్టాయి.

తడి బట్టలతోనే పైకి పరిగెత్తింది. "పెద్దమ్మగారూ! కొళాయి ఊడిపోయింది! ఇల్లంతా నీళ్ళు! మీరొచ్చి బిగించండి!"

"వాల్వు కట్టావా?"

"అదెక్కడుంటుంది?"

"సింకు కింద. పద, చెప్పులేసుకుని వస్తాను."

ఇల్లు మునిగిపోతుంటే చెప్పులట! వెనక్కి పరిగెత్తి సింకు కింద దూరింది. వాల్వు మొండికేసింది. రెండు చేతులా పట్టి, పళ్ళు బిగించి, పిల్లలెవరికీ నేర్పని మాటొకటి అంటూ మెలిపెట్టింది. ధార సన్నబడి, ఆగింది.

వెనక్కి తిరిగితే గుమ్మంలో స్టూలు వేసుకుని, నీళ్ళు తగలకుండా కాళ్ళు పైకెత్తుకుని పెద్దమ్మ. చేతిలో ఏమీ లేదు.

"మీ పెట్టె ఏదండీ?"

"నీ పెట్టె ఉందిగా."

"అన్నయ్య వచ్చేస్తాడండీ! మీకు దణ్ణం పెడతాను, ఒక్కసారి మీరు..."

"తెల్ల టేపు తియ్యి. మర బిగిసే వైపుకే చుట్టు. ఎదురు చుడితే తిప్పేటప్పుడు ఊడొస్తుంది."

రాతి గుండె అనుకుంది టీచరు. ఆ కోపమంతా చేతుల్లోకి దిగింది. టేపు చుట్టింది. మొదటిసారి కొళాయి వంకరగా ఎక్కింది. విప్పి, మళ్ళీ చుట్టింది. స్పానరు జారి వేలి కణుపు దోక్కుపోయింది. చీరకొంగుకి తుడుచుకుని మళ్ళీ పట్టింది. కొళాయి నిటారుగా నిలబడ్డాక వాల్వు తెరిచి ఊపిరి బిగబట్టింది.

ఒక్క చుక్క కారలేదు.

"పొయ్యి మీద పాలు పెట్టొచ్చాను" అని పెద్దమ్మ స్టూలు పట్టుకుని వెళ్ళిపోయింది. బాగుందని ఒక్క మాటైనా అంటేనా!

టీచరు నేల తుడిచి, చీర మార్చుకునేసరికి అన్నయ్య వచ్చాడు. చేతులు కడుక్కోవడానికి సరాసరి ఆ కొళాయి దగ్గరికే వెళ్ళాడు.

"కొత్తదే! ఎవర్ని పిలిచావు?"

"ఎవర్నీ పిలవలేదు. నేనే బిగించాను."

ఆయన తిప్పి చూశాడు, కట్టి చూశాడు, కింద వేలు పెట్టి చూశాడు. చివరికి చిన్నబోయిన మొహంతో, "మరి నేనెందుకొచ్చినట్టు?" అన్నాడు.

"భోజనానికి, అన్నయ్యా."

ఆ మాట ఆయనకి నచ్చినట్టే ఉంది. పీట వాల్చుకుంటూ, "అన్నట్టు, మెట్ల మీద ఎవడో పెద్ద సంచీ పక్కన పెట్టుకుని కునుకు తీస్తున్నాడు. తలుపేసుకోమ్మా" అన్నాడు.

టీచరు బయటికెళ్ళి తొంగిచూసింది. మెట్ల మలుపులో ఖాకీ చొక్కా మనిషి. సంచీలోంచి ఇంత పొడుగు పైపు రెంచి బయటికొచ్చి ఉంది. చేతిలో కాఫీ గ్లాసు.

"ఎవరండీ?"

అతను ఉలిక్కిపడి లేచాడు. "ప్లంబర్నమ్మా. అయిపోయిందా? మీరు తలుపు తట్టి అటెళ్ళగానే పెద్దమ్మగారు ఫోను చేశారు. పక్క వీధిలోనే ఉన్నాను, పరిగెత్తుకొచ్చాను."

"మరి లోపలికి రాలేదే?"

"రానిస్తేగా! కేకేస్తేనే రావాలి, లేకపోతే నోరెత్తకూడదు, ఎప్పుడూ ఇదే షరతు. ఈ బిల్డింగులో ఎవరు ఏది విప్పినా నేనిక్కడ కూర్చోవాల్సిందే. మీరు నయం, తొందరగా కానిచ్చారు. పై అంతస్తాయన ఫ్లష్ ట్యాంకు విప్పినప్పుడు ఈ మెట్టు మీదే భోజనం కూడా అయింది."

పెద్దమ్మ స్టూలు సరిగ్గా గుమ్మం మధ్యలో ఎందుకు వేసుకుందో అప్పుడర్థమైంది టీచరుకి. అక్కడ కూర్చుంటే ఇటు సింకు, అటు మెట్లు, రెండూ కనిపిస్తాయి.

పైనుంచి చెప్పుల చప్పుడు. "ఎవరితో మాట్లాడుతున్నావు, టీచరమ్మా?"

టీచరు ప్లంబరు వైపు చూసింది. ప్లంబరు టీచరు వైపు చూశాడు.

"ఎవరోనండీ, దారి తప్పి వచ్చారట" అంది టీచరు.

"అవునండీ" అన్నాడు ప్లంబరు, రెంచిని వీపు వెనక్కి దాచుకుంటూ. "అడ్రసు కనుక్కుందామనీ..."

పెద్దమ్మ మెట్ల పైనుంచి ఇద్దర్నీ నింపాదిగా చూసింది. "గేటు దాటి ఎడమకి తిరిగి తిన్నగా వెళ్ళు నాయనా. ఎవరైనా చెబుతారు."

"చిత్తమండీ." అతను గబగబా మెట్లు దిగాడు. గేటు దాకా వెళ్ళాడో లేదో, పెద్దమ్మ కేక వినిపించింది.

"ఒరేయ్, నా గ్లాసు!"