బిజీ అన్న ఒక్క ముక్క

చిలకలూరిపేటలో నేను పనిచేసిన స్పిన్నింగ్ మిల్లులో రిసెప్షనిస్టు ఒకావిడ ఉండేది. అందరి ఫోన్లలో కనిపించే ఆఫీసు క్యాలెండరు ఆవిడ చేతిలోనే ఉండేది. ఎవరు మీటింగు పెట్టినా వెంటనే ప్రైవేటుగా మార్చేసేది. మిగతావాళ్లకి "బిజీ" అని మాత్రమే కనిపించేది.

"దాచుకోవడానికి మనమేమన్నా దొంగలమా?" అని రోజూ దెబ్బలాడేదాన్ని.

"టైము తెలిస్తే చాలు కదండీ, విషయం ఎందుకు?" అని నవ్వేది.

ఒకరోజు సూపర్‌వైజరు వేధిస్తున్నాడని చెప్పుకోవడానికి మిల్లులో పనిచేసే ఒక అమ్మాయి నన్ను టైము అడిగింది. ఫిర్యాదుల కమిటీకి పెద్దని నేనే. ఆ పిల్ల పేరు, వాడి పేరు, సంగతి అంతా క్యాలెండర్లో ఎక్కించాను. వాడూ అదే క్యాలెండరు చూస్తాడన్న ఇంగితం లేకపోయింది నాకు.

రెండు నిమిషాల్లో ఆవిడ నా గదిలోకి వచ్చింది.

"మార్చేశానండీ. ఆయన లోపల షిఫ్టులో ఉన్నాడు, ఫోను లాకర్లోనే ఉంది. చూడలేదు."

ఆ రోజు మొదటిసారి ఆవిడకి థాంక్స్ చెప్పాను.

మూడింటికి ఆ అమ్మాయి వచ్చింది. అంతా చెప్పి, ఫిర్యాదు మీద సంతకం కూడా పెట్టింది. వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గర ఆగింది.

"నాలాగే ఇంకో ఇద్దరున్నారు మేడం. టైము కోసం బయట కూర్చునే అక్కకి చెప్పమంటారా?"

"ఆ అక్కకే చెప్పమను. నాకు చెబితే మళ్లీ పేర్లతో సహా క్యాలెండర్లో ఎక్కించేస్తాను."