మూడు తక్కువైన కెపాసిటర్

తెలంగాణ బంద్. కోరుట్ల బస్టాండులో సాయంత్రం దాకా బస్సుల్లేవు. నా సంచిలో గిటారు గొంతు మార్చే పెడల్ సగం చేసి ఉంది. మరునాడు సిరిసిల్ల దీక్షా శిబిరంలో దాంతోనే వాయించాలి. దానికి కావలసిన నలభై ఏడు నానోఫారడ్ల కెపాసిటర్ ఒక్కటే దొరకలేదు, షాపులన్నీ మూసేశారు.

"ఏంది తమ్మీ, ఒక్కకాడ కూసుంటలెవ్వు?" అన్నాడు బెంచీ మీద ఒకాయన. మైకుసెట్లు బాగుచేస్తాడట. సంగతి చెప్పాను.

తన సంచిలోంచి ఇరవై రెండు నానోల కెపాసిటర్లు రెండు తీసి, పక్కపక్కన పెట్టి వాటి తీగ కాళ్లు ఒకదానితో ఒకటి మెలేశాడు. "గిట్ల పెడితే రెండూ కలుస్తయి. నలభై నాలుగైతది."

"సర్క్యూటు కాగితంల నలభై ఏడున్నది గదన్నా."

"మీటింగు నడుమ మైకు ఆగితే కాగితం చూస్కుంట కూసుంటమా? ఉన్నదే ఏస్తం."

ఆ జంటనే పెడల్‌లో బిగించి, శిబిరంలో దాంతోనే వాయించాను. ఆ మూడు తక్కువైనట్టు ఎవరికీ తెలియలేదు, నాకు తప్ప. తర్వాత జగిత్యాలలో నలభై ఏడుది కొన్నాను. మారుద్దామని ఎన్నోసార్లు పెడల్ విప్పాను. ఆయన మెలేసిన కాళ్లు చూసి, ప్రతిసారీ మళ్లీ మూత బిగించాను.