గురువారం విస్తరి ముందు కట్టిన పద్యం

ఈ పద్యం ఇన్నేళ్ళూ నా గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. మింగలేదు, కక్కలేదు. ఉన్నవి రెండే పాదాలు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

రాజమహేంద్రవరంలో వారాలు చెప్పుకుని చదువుకున్నవాణ్ణి. రోజుకొక ఇంట్లో భోజనం. గురువారం ప్లీడరుగారి ఇల్లు. వారి అబ్బాయి కామేశం నా తరగతే. ఆ ఇల్లాలు కొడుక్కి ఎంత నెయ్యి వేసేవారో నాకూ అంతే వేసేవారు. ఈ మాట ముందే చెబుతున్నాను. దాచి తరువాత చెబితే అదొక కొత్త మోసం అవుతుంది.

ఒకనాడు సైన్సు మేష్టారు రెండు మూలకాలు కలిసిన పదార్థానికి పేరెలా పెట్టాలో చెప్పారు. లోహం పేరు ముందు రావాలి. రెండోదాని పేరు వెనక రావాలి, దాని తోక కోసి 'ఐడ్' అతికించాలి. ఇనుమూ గంధకమూ కలిస్తే ఏమిటని అడిగారు. ఐరన్ సల్ఫైడ్ అని నేను లేచి చెప్పాను. మేష్టారు మెచ్చుకున్నారు. వెనక బల్ల మీంచి కామేశం లేచాడు.

"మా ఇంటి అన్నమూ వీడి ఆకలీ కలిస్తే ఏం పేరండీ మేష్టారూ? వారమైడ్ అండి!"

తరగతి గొల్లుమంది. మేష్టారు కూడా నవ్వారు. ఆ రోజు నుంచి నేను వారమైడ్‌ని. కాలేజీ మెట్ల మీదా అదే, గోదావరి రేవులోనూ అదే. పేదవాణ్ణని నాకు తెలుసు, అందుకు నేనెప్పుడూ సిగ్గుపడలేదు. కానీ నా ఆకలికి పేరు పెట్టడానికి వాడెవడు? అయినా మరుసటి గురువారం మళ్ళీ ఆ ఇంటికే వెళ్ళాను. వెళ్ళకపోతే పస్తు. ఆ అన్నం తింటూ, వీడి నోటితోనే వీణ్ణి నలుగురిలో నవ్వులపాలు చేయాలని ఒట్టు పెట్టుకున్నాను.

అవకాశం వాడే తెచ్చి ఇచ్చాడు. ఒకే లోహం క్లోరిన్‌తో రెండు పాళ్ళలో కలిసి రెండు పదార్థాలవుతుంది. క్లోరిన్ తక్కువగా ఉన్నదాని లోహం పేరు చివర 'అస్', ఎక్కువగా ఉన్నదానికి 'ఇక్'. ఏది దేనికో వాడికి ఎంత చదివినా నిలిచేది కాదు. పద్యమైతే మాత్రం ఒక్కసారి వింటే చాలు, చచ్చినా మరిచిపోడు. వాళ్ళింట్లో అందరూ అంతే. యతి కుదిరిందంటే అందులో మాట కూడా నిజమేనని వాళ్ళ నమ్మకం. వాడికి మద్రాసు వెళ్ళి వైద్యం చదవాలని ఉంది. మమ్మల్ని పరీక్షించడానికి వచ్చే తెల్లదొర మంచి మాట రాసిస్తే పంపుతానని తండ్రి మాట ఇచ్చాడు. అందుకే విస్తరి ముందు కూర్చున్నప్పుడు నన్ను బతిమాలాడు, దీనికో పద్యం కట్టిపెట్టరా అని.

కట్టాను. వాళ్ళమ్మగారు పప్పు వడ్డిస్తుండగానే కట్టాను.

తక్కువైనచోట తగిలించు మిక్కును
నెక్కువైనచోట నెంచు మస్సు.

యతి చక్కగా పడింది. మాట మాత్రం తలకిందులు, తక్కువకు ఇక్కు, ఎక్కువకు అస్సు. తెలిసే చేశాను. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటారే, నేను ఆ ఇంటి దూలానికే చెదలు పట్టించాను.

దొర వచ్చాడు. ఇనుముతో క్లోరిన్ కలిసిన పదార్థాలు రెండు గాజు గొట్టాల్లో పెట్టి, క్లోరిన్ ఎక్కువున్నదాని పేరు అడిగాడు. కామేశం ఫెర్రస్ క్లోరైడ్ అన్నాడు. దొర మళ్ళీ అడిగాడు. వీడు ఇంకా గట్టిగా అదే అన్నాడు, పద్యం ఉంది కదా అనే ధైర్యంతో. పాదరసంతో క్లోరిన్ కలిసిన రెండిటి సంగతి అడిగాడు. అందులో ఒకటి విరేచనాల మందు, ఒకటి ప్రాణం తీసే విషం. వీడు విషానికి మందు పేరు పెట్టాడు. నీ చేతిలో పడ్డ రోగి బతకడని దొర పకపకా నవ్వాడు. తరగతి కూడా నవ్వింది. అందరికంటే ఆఖరున ఆపింది నేనే.

మద్రాసు ప్రయాణం ఆగిపోయింది. తండ్రి వాణ్ణి రామచంద్రపురం దగ్గర పొలాల మీదికి పంపేశాడు.

కుర్రతనం అంటారా? ఆగండి. అసలు తప్పు ఇంకా చెప్పలేదు.

చాలా ఏళ్ళకు కాలువ పడవలో ఎదురయ్యాడు. ధవళేశ్వరం లాకుల దగ్గర పడవ ఆగి ఉంది. ఇద్దరికీ తల నెరిసింది.

"ఒరేయ్, నువ్వేంట్రా ఇక్కడ! మా అమ్మ పోయేముందు కూడా అడిగిందిరా నిన్ను, మన గురువారం అబ్బాయి ఎక్కడున్నాడో అని."

కాస్త జరిగి పక్కన చోటిచ్చాను.

"నీ పద్యం ఇప్పటికీ నోటికొచ్చురా," అన్నాడు. "ఎంత బాగా కట్టావు! ఆ దొరని చూసేసరికి నేనే తడబడ్డాను. తిరగేసి చెప్పుంటాను. పద్యం తప్పవదు కదా, యతి చూడు ఎలా పడిందో. నా రాత అలా ఉంది. అప్పుడు నిన్ను ఏదేదో అన్నాను కూడా. ఆ ఉసురే తగిలింది నాకు."

ఇన్నేళ్ళూ తప్పు తనదే అనుకున్నాడు! ఒక్క మాట చెబితే వాడి గుండె మీంచి బండ దిగిపోయేది. చెప్పాలని నాకు తోచలేదనుకుంటున్నారా? తోచింది. నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆ నోరు చూడగానే వారమైడ్ అన్న మాట మళ్ళీ చెవిలో మోగింది, ఇంకా ఏదో బాకీ ఉన్నట్టే అనిపించింది.

"ఏదీ, ఇంకోసారి చదువు," అన్నాను.

చదివాడు. రాగం తీసి, పడవలో వాళ్ళందరూ వినేలా చదివాడు. నాకు హాయిగా ఉంది. నేను ఇంతకాలం దాచింది ఆ హాయినే. పద్యం కట్టడం కంటే అది పెద్ద పాపం. రామచంద్రపురం రేవులో వాడు నా భుజం తట్టి దిగిపోయాడు. మళ్ళీ కలవలేదు. ఇప్పుడు లేడు.

ఉంటే మాత్రం చెప్పేవాణ్ణా? నమ్మకంగా అనలేను. కోపం ఇంకా పూర్తిగా చల్లారలేదు. క్షమించమని ఎవరినీ అడగను, అడిగే మొహం లేదు. కామేశం, ఆ రోజు తడబడింది నువ్వు కాదు. ఎక్కువైనచోట ఇక్, తక్కువైనచోట అస్. ఇలా చెబితే యతి పడదు. నిజం మాత్రం ఇదే.