సెల్లార్‌లో చేసిన సర్వే

మూడేళ్ల క్రితం హైటెక్ సిటీలోని మా ఆఫీసువాళ్లు, మూసాపేట మెట్రో నుంచి నడిపే ఉద్యోగుల బస్సును ఆపేద్దామా అని ఆలోచించారు. సర్వే చేసే పని నాకు అప్పగించారు. ఎండాకాలం కదా, చల్లగా ఉంటుందని సెల్లార్ పార్కింగ్‌లో లిఫ్టు పక్కన నిలబడి, వచ్చినవాళ్లనల్లా అడిగాను. బస్సు అక్కర్లేదని అందరూ ఒకే మాట చెప్పారు. అంత స్పష్టమైన ఫలితం చూసి నాకే ముచ్చటేసింది.

మీటింగులో మేనేజర్ గారు కూడా సంతోషించి, "అయితే ఒకటో తారీఖు నుంచి ఆపేద్దామండీ" అన్నారు. టీ అందిస్తున్న యాదమ్మ ఆగిపోయింది.

"సారూ, గీ ముచ్చట ఏడ అడిగిన్రు?" అంది నాతో.

"కింద పార్కింగ్‌లో."

"ఆడికి బండ్లున్నోళ్లే వస్తరు గద సారూ! బస్సుల వచ్చేటోళ్లం గేటు కాడ్నే దిగుతం. బస్సు బందయితే నా కొలువు గూడ బందే."

మేనేజర్ గారు నా వైపు చూశారు. నేను టీ వైపు చూశాను.

మర్నాడు యాదమ్మతో సహా అందరి పేర్లూ చీట్ల మీద రాసి, డబ్బాలో కలిపి, చేతికొచ్చిన పేర్లవాళ్లను వెతుక్కుంటూ వెళ్లి అడిగాను. బస్సు కావాలన్నవాళ్లే ఎక్కువగా తేలారు. బస్సు రద్దు కాలేదు.

నేను స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ చేశానన్న సంగతి ఆ తర్వాత ఆఫీసులో ఎవరి దగ్గరా ఎత్తలేదు.